విప్పిన గేరుబాక్సు ఎక్కడ ఉంటుంది?

ఒక వస్తువును దాని భాగాలన్నిటిగా విడదీసి, అరిగిపోయినవాటి చోట కొత్తవి వేసి, మళ్లీ కూర్చినప్పుడు చివరికి మిగిలేది మొదటి వస్తువేనా, లేక దాని పేరు మోస్తున్న మరో వస్తువా అన్న ప్రశ్న తత్త్వశాస్త్రంలో చాలా పాతది. భారతీయ దర్శనకారులు దీన్ని రథాన్నీ వస్త్రాన్నీ ఆధారం చేసుకుని చర్చించారు. గ్రీకులు ఏథెన్సువారు భద్రపరచిన థీసియస్ ఓడను ఆధారం చేసుకున్నారు. అయితే ఈ చర్చల్లో విచారణ ఎక్కువగా రెండు కొసల మీదే నిలిచింది: విప్పకముందు ఏమున్నది, కూర్చిన తరువాత ఏమున్నది అని. మధ్యకాలం, అంటే వస్తువు ముక్కలు ముక్కలుగా బల్ల మీద పరచి ఉన్న కాలం, తగినంత విచారణకు నోచుకోలేదు. అమెరికాలో తమ కారు ఆటోమాటిక్ గేరుబాక్సును ఇంటి గరాజులోనే దించి, విప్పి, బాగుచేసి, మళ్లీ ఎక్కించుకునేవారు చాలామంది ఉన్నారు. వారి పనిలో ఈ మధ్యకాలం రోజుల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి సాగుతుంది. ఆ కాలంలో గేరుబాక్సు ఉన్నదా లేదా, ఉంటే ఎక్కడ ఉన్నది అన్నది కేవలం మాటల చమత్కారం కాదు. ఆ పని సఫలమవుతుందా లేదా అన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ముందుగా వస్తువును గురించి కొంత తెలుసుకోవడం అవసరం. నడిపేవారు క్లచ్ తొక్కి గేరు మార్చనవసరం లేకుండా, బండి వేగాన్నీ ఇంజను మీద పడే భారాన్నీ బట్టి తనంతట తానే గేరు మార్చుకునే పెట్టెను ఆటోమాటిక్ ట్రాన్స్‌మిషన్ అంటారు. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లకు జనరల్ మోటార్స్ సంస్థ హైడ్రామాటిక్ అనే పేరుతో అమర్చినది పెద్ద ఎత్తున తయారైన తొలి ఆటోమాటిక్ గేరుబాక్సు. ఈ వ్యాసం ఉదాహరణగా తీసుకున్నది అదే సంస్థ 1969 మోడల్ సంవత్సరంలో తెచ్చిన టర్బో హైడ్రామాటిక్ 350 అనే మూడు గేర్ల పెట్టెను. సుమారు 54 కిలోల బరువున్న ఈ పెట్టెలో కంప్యూటరు ప్రమేయం ఏదీ లేదు. నూనె ఒత్తిడి, ఇంజను గాలి పీల్చే బలం, వేగంతో పాటు విచ్చుకునే చిన్న బరువులు, ఇవే దాని నిర్ణయాలన్నిటికీ మూలం. ఇంటి దగ్గర విప్పి నేర్చుకోవాలనుకునేవారు దీనితో మొదలుపెట్టడానికి కారణం కూడా అదే: లోపల జరిగేదంతా కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది.

ఈ పెట్టెకు ముందు భాగాన ఇంజనును ఆనుకుని టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్లలో ఒకటి తిరిగితే దాని గాలికి రెండోది తిరిగినట్టుగా, ఇంజను తిప్పే రెక్కల చక్రం నూనెను విసిరితే ఎదుటి రెక్కల చక్రం తిరుగుతుంది. రెంటి నడుమ ఉండే స్టేటర్ అనే మూడో చక్రం, తిరిగివచ్చే నూనెను మళ్లించి, బండి కదిలే వేళ తిప్పుడు బలాన్ని పెంచుతుంది. కన్వర్టరు వెనుక గ్రహచక్రాల అమరిక ఉంటుంది. నడుమ ఒక సూర్యచక్రం, దాని చుట్టూ తిరిగే గ్రహచక్రాలు, వాటన్నిటినీ చుట్టి లోపలివైపు పళ్లు ఉన్న కంకణచక్రం, ఇంత మాత్రమే ఆ అమరిక. వీటిలో ఒకదాన్ని తిప్పి, మరొకదాన్ని కదలనివ్వకుండా పట్టి ఉంచితే మూడోది ఒక లెక్క ప్రకారం తిరుగుతుంది; దేన్ని పట్టాలి, దేన్ని వదలాలి అన్నది మారితే లెక్క మారుతుంది. మొదటి గేరులో లోపలికి వచ్చే ఇరుసు 2.52 చుట్లు తిరిగితే బయటికి పోయే ఇరుసు ఒక చుట్టు తిరుగుతుంది. రెండో గేరులో 1.52 చుట్లకు ఒకటి, మూడో గేరులో ఒకటికి ఒకటి. పట్టడం, వదలడం అనే పనిని ముఖ్యంగా క్లచ్ దొంతరలు చేస్తాయి. ఉక్కు బిళ్లలూ, రెండు పక్కలా ఘర్షణ పొర అంటించిన బిళ్లలూ ఒకటి విడిచి ఒకటి పేర్చితే ఒక దొంతర అవుతుంది. నూనె ఒత్తిడితో పిస్టన్ వెనుక నుంచి తోస్తే అది బిగుసుకుంటుంది, ఒత్తిడి పోతే వదులవుతుంది. ఏ దొంతరకు ఏ క్షణంలో నూనె పంపాలో తేల్చేది వాల్వ్ బాడీ. అది చెదపురుగులు తొలిచిన చెక్కలాగా వంకరటింకర కాలువలతో నిండిన లోహపు దిమ్మ. చూసినవారెవరికైనా మొదట భయం, తరువాత గౌరవం కలుగుతాయి.

దొంతరలు జారి కాలినప్పుడు, ఎర్రగా ఉండవలసిన నూనె గోధుమరంగుకు తిరిగి మాడు వాసన వేస్తుంది. గేరు వేసిన తరువాత బండి కదలడానికి ఆలస్యమవుతుంది, లేదా ఇంజను గట్టిగా అరుస్తున్నా బండి ముందుకు పోదు. అప్పుడు పెట్టెను దించవలసి వస్తుంది. బండిని స్టాండ్ల మీదికి ఎత్తి, అడుగున ఉన్న పాన్ 13 బోల్టులు విప్పి నూనె కార్చి, వెనుక చక్రాల వైపు పోయే డ్రైవ్‌షాఫ్టు తీసి, నూనెను చల్లబరిచే గొట్టాలనూ స్పీడోమీటరు కేబులునూ గేరు కడ్డీ లంకెనూ ఊడదీసి, కన్వర్టరును ఇంజను వెనుక ఉన్న పలుచని పళ్లెంతో కలిపే మూడు బోల్టులు విప్పి, కింద జాకీ నిలిపి, అడ్డ దూలం తప్పించి, చివరగా ఇంజనుతో బిగించిన బోల్టులు తీస్తే పెట్టె కొద్దిగా వెనక్కి జరిగి కిందికి దిగుతుంది.

న్యాయ దర్శనం ఈ క్షణాన్ని గమనించి ఉంటే తన వాదానికి మంచి సాక్ష్యం దొరికిందని సంతోషించేది. గౌతముడి న్యాయసూత్రాల్లో అవయవికి, అంటే అవయవాలన్నిటా వ్యాపించి ఉండి కూడా వాటికి వేరైన పూర్తి వస్తువుకు, ఆధారంగా చూపినవాటిలో ధారణ, ఆకర్షణ అనేవి ఉన్నాయి. ఒకచోట పట్టుకుంటే మొత్తం నిలుస్తుంది, ఒకచోట లాగితే మొత్తం వస్తుంది. గుప్పెడు ఇసుక అలా రాదు. కనుక అవయవాల కుప్పకన్న ఎక్కువైనదేదో అక్కడ ఉన్నదని ఒప్పుకోవాలన్నది వాదం. జాకీ తగిలేది పాన్ అడుగుకు మాత్రమే అయినా 54 కిలోలూ ఒక్కటిగా దిగివస్తాయి. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో తర్కం నేర్చుకునే పిల్లలకు చెప్పినట్టుగా, వస్త్రానికి దారాలు సమవాయి కారణం, దారాల కలయిక అసమవాయి కారణం, మగ్గమూ కండె వంటివి నిమిత్త కారణాలు. అదే లెక్కన ఇక్కడ చక్రాలూ బిళ్లలూ ఇరుసులూ సమవాయి కారణం. అవి ఒకదానికొకటి తగిలి నిలిచిన సంయోగం అసమవాయి కారణం. కూర్చేవారూ వారి పనిముట్లూ నిమిత్త కారణం.

కాని ఈ సిద్ధాంతానికి ఒక కఠినమైన పర్యవసానం ఉంది. సంయోగం నశిస్తే అవయవి నశిస్తుంది. వస్త్రం నుంచి ఒక్క దారం లాగినా పాత వస్త్రం పోయి కొత్తదొకటి పుట్టినట్టేనని, న్యాయానికి సోదర దర్శనమైన వైశేషికంవారు సంకోచం లేకుండా అంగీకరించారు. ఆ ప్రకారం బల్ల మీద పరచిన క్షణం నుంచి గేరుబాక్సు లేదు. తిరిగి బిగించిన తరువాత ఉండేది, ఒక్క భాగం కూడా మార్చకపోయినా, పాతదానివంటి మరొకటి. ఈ వాదంలో దోషం లేదు. అయితే అది విప్పేవారి అనుభవానికి చాలా దూరంగా నిలుస్తుంది.

బౌద్ధులు మరో కొసన నిలిచారు. సంయుక్త నికాయంలో వజిర అనే భిక్షుణి, భాగాలు చేరినప్పుడు రథమన్న మాట ఎలా పుడుతుందో స్కంధాలు, అంటే దేహమూ మనసూ అయిన భాగాలు, చేరినప్పుడు జీవి అన్న వ్యవహారం అలాగే పుడుతుందని, తనను కలవరపెట్టవచ్చిన మారుడికి సమాధానం చెబుతుంది. మిలిందపన్హలో నాగసేనుడు ఆ పోలికనే పెంచి, రథమెక్కి వచ్చానన్న యవన రాజు మిలిందుణ్ణి ఇరుసు రథమా, చక్రాలు రథమా, ఇవన్నీ కలిసి రథమా, వీటికి వేరుగా రథమున్నదా అని అడిగి, దేనికీ అవునని అనిపించుకోకుండా, చివరికి రథమన్నది భాగాలను ఆశ్రయించి పుట్టిన వ్యవహారనామమని తేలుస్తాడు. ఇందులో అన్నీ కలిసి రథమా అన్న ప్రశ్నకు రాజు కాదనడం చాలామంది పాఠకులకు వింతగా తోస్తుంది. విప్పిన గేరుబాక్సును చూసినవారికి తోచదు. పెట్టె, పంపు, డ్రమ్ములు, బిళ్లలు, స్ప్రింగులు అన్నీ, ఒక్కటి కూడా తక్కువ కాకుండా, బల్ల మీద ఉన్నాయి. అయినా అక్కడ గేరుబాక్సు ఉన్నదనడానికి నోరు రాదు. రాజు సరిగానే చెప్పాడు. అయితే వ్యవహారనామం అన్న సమాధానం మాత్రం చాలదు. పేరు పెట్టినంత మాత్రాన బండి వెనక్కి పోదు. ఏదో ఒకటి బల్ల మీద లేనిది, కూర్చిన పెట్టెలో ఉన్నది, తప్పక ఉండాలి.

అది ఎడం. క్లచ్ దొంతరను డ్రమ్ములో పేర్చి, పైన అణచి ఉంచే పళ్లేన్నీ స్నాప్ రింగునూ వేసిన తరువాత, ఆ పళ్లేనికీ రింగుకూ మధ్య ఎంత సందు ఉన్నదో పలుచని ఉక్కు రేకుల ఫీలర్ గేజితో కొలుస్తారు. ఘర్షణ పొర ఉన్న ఒక్కో బిళ్లకు ఇంచుమించు పావు మిల్లీమీటరు చొప్పున లెక్కవేస్తారు. రెండు మూడు రాత కాగితాలను కలిపి పట్టుకుంటే ఎంత మందమో అంత. సందు తక్కువైతే వదలవలసిన వేళ కూడా బిళ్లలు ఒకదాన్నొకటి రాసుకుంటూ మాడిపోతాయి. ఎక్కువైతే పిస్టన్ చాలా దూరం జరగవలసి వచ్చి పట్టు ఆలస్యమవుతుంది. ఇంత ముఖ్యమైన ఈ ఎడం ఏ మరమ్మతు కిట్టులోనూ కొనడానికి దొరకదు. దాన్ని తీసి గుడ్డ మీద పెట్టడం కుదరదు. పెట్టె విప్పిన మరుక్షణం అది ఎక్కడా ఉండదు. విరగలేదు, పోలేదు, ఉండటం మానేసింది. ఏ భాగానికీ చెందకుండా, భాగాలు లేకుండా ఉండకుండా, పెట్టెను పెట్టెగా నిలిపేది అదే.

బౌద్ధ దార్శనికుడు నాగార్జునుడు చెప్పిన శూన్యత ఈ సందు కాదు, ఆ మాటను స్పష్టంగానే అనాలి. ఆయన దృష్టిలో శూన్యత అంటే వస్తువుల నడుమ ఖాళీ కాదు, ఏ వస్తువుకూ ఇతరాల మీద ఆధారపడని సొంత స్వభావం లేకపోవడం. అయినా ఆ ఎడాన్ని కొలిచినవారికి ఆయన మాట అర్థం చేసుకోవడానికి ఒక మెట్టు దొరుకుతుంది. స్వభావం లేకపోవడం అంటే లేకపోవడం కాదనీ, పరస్పరాశ్రయమే వస్తువు పని చేయడానికి వీలు కల్పిస్తుందనీ ఆయన వాదించాడు. పావు మిల్లీమీటరు సందు సరిగ్గా అలా పని చేస్తుంది. ఆశ్రయాల గొలుసు పెట్టె గోడల దగ్గర ఆగదు కూడా. 1970ల ఆరంభం వరకు అమెరికాలో ఆటోమాటిక్ గేరుబాక్సుల నూనెలో, క్లచ్ పట్టు మృదువుగా ఉండడానికి, స్పెర్మ్ తిమింగలాల నుంచి తీసిన తైలం కలిపేవారు. ఆ జాతి నశించిపోతున్నదని గుర్తించి చట్టం ఆ తైలాన్ని నిషేధించిన తరువాతే తయారీదారులు వేరే రసాయనాలు వెతికారు. ఒక ఊరి వీధిలో కారు కుదుపు లేకుండా రెండో గేరుకు మారడం వెనుక సముద్రంలో ఒక ప్రాణి చావు ఉండేది. అహింసను గురించి ఆలోచించేవారు ఈ సంగతిని తేలిగ్గా దాటిపోకూడదు.

ఇప్పుడు మధ్యకాలానికి రావాలి. అనుభవం ఉన్నవారు పెట్టెను విప్పేటప్పుడు భాగాలను కుప్ప పోయరు. శుభ్రమైన బల్ల మీద కాగితమో గుడ్డో పరచి, వచ్చిన వరసలోనే ఎడమ నుంచి కుడికి పేరుస్తారు. ఏ ముఖం ముందుకు చూస్తున్నదో ఆ ముఖం అలాగే ఉంచుతారు. ప్రతి దశలో ఫోటో తీస్తారు, కాగితం మీద రాసుకుంటారు. నూనెకు ఒత్తిడి ఇచ్చే పంపులో ఒకదానిలో ఒకటి తిరిగే రెండు చక్రాల పళ్లు ఏళ్ల తరబడి ఒకే వైపున ఒరుసుకుని ఒకదానికొకటి అలవాటుపడి ఉంటాయి గనుక, వాటిని బయటికి తీయకముందే ఏ ముఖం పైకి ఉన్నదో గుర్తు పెడతారు. తిరగవేసి బిగిస్తే మళ్లీ కొత్తగా అరగడం మొదలవుతుంది. వాల్వ్ బాడీ దించగానే, కాలువల్లో దారి తెరిచి మూసే చిన్న ఉక్కు గోళీలు నాలుగు కనబడతాయి. ఒక్కొక్కటి పావు అంగుళం. నాలుగూ ఒకే తీరు. దేని మీదా గుర్తు లేదు, ఉండడానికి చోటు లేదు. వాటికి ఉన్న ప్రత్యేకత అంతా అవి కూర్చున్న గుంటే. ఆ గుంటలు ఏవో మరచిపోతే గోళీలు చేతిలో ఉన్నా పోయినట్టే.

ఈ స్థితికి దగ్గరి పోలిక తెలుగువారి అవధాన విద్యలో ఉంది. అష్టావధానంలో సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి వంటి అంశాలకు అవధాని ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం చొప్పున చెబుతూ పోతాడు. నడుమ అప్రస్తుత ప్రసంగి ప్రశ్నలతో దారి తప్పించాలని చూస్తాడు, ఎక్కడో గంట మోగితే అది ఎన్నిసార్లు మోగిందో కూడా లెక్కపెట్టాలి. నాలుగు ఆవృత్తులు పూర్తయిన తరువాత ఆ పద్యాలన్నిటినీ వరసగా పూర్తిగా అప్పజెప్పాలి. ఆ అప్పజెప్పడానికి ధారణ అని పేరు. రెండో ఆవృత్తి ముగిసినప్పుడు ఒక పద్యం ఎక్కడ ఉన్నది అని అడిగితే, సగం సభలో చెదిరి ఉన్నదనీ సగం ఇంకా పుట్టలేదనీ చెప్పవచ్చు. కాని సభలో కూర్చున్న ఏ రసికుడూ ఆ పద్యం లేదని అనడు. అది అవధాని ధారణలో ఉన్నది. గౌతముడు అవయవికి సాక్ష్యంగా చూపిన ధారణ, అంటే ఒకచోట పట్టుకుంటే మొత్తం నిలవడం, అవధాని ధారణ, అంటే చెదిరినదాన్ని మనసు పట్టి ఉంచడం, ఈ రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చినవి. విప్పిన గేరుబాక్సు విషయంలో రెండో ధారణ మొదటిదాని స్థానంలో నిలబడుతుంది. పెట్టె తన భాగాలను తాను పట్టి ఉంచుకోలేని కాలంలో, ఆ పని బల్ల మీది వరసా, కాగితం మీది గుర్తులూ, విప్పినవారి జ్ఞాపకమూ కలిసి చేస్తాయి.

దీనికి నైయాయికుడు వెంటనే ఆక్షేపణ చెబుతాడు. పద్యం శబ్దం, మనసులో ఉండగలదు. ఇనుము మనసులో ఉండదు, మనసులో ఉన్నది ఇనుమును గురించిన జ్ఞానం మాత్రమే. జ్ఞానాన్నీ జ్ఞేయాన్నీ ఒకటి చేయడం పొరపాటు. ఆక్షేపణ బలమైనదే, దాన్ని దాటవేయడం తగదు. అయితే ధారణలో ఉన్నది ఇనుము అని ఇక్కడ ఎవరూ అనడం లేదు. ఇనుము బల్ల మీదే ఉంది. ధారణలో ఉన్నది సంయోగం, అదీ జరిగిపోయిన సంయోగపు స్మృతిగా మాత్రమే కాదు, మళ్లీ జరిపించగల సామర్థ్యంగా. బొమ్మ చూసినట్టు గుర్తుండడం వేరు, చేతికి తెలిసి ఉండడం వేరు. సంయోగం నశించిన మాట నిజం. దానికి తిరిగివచ్చే దారి నశించలేదు. ఆ దారి ఉన్నంతవరకు వస్తువు ఆగి ఉన్నదనాలి గాని పోయిందనకూడదు.

ఈ మాట నిజమా కాదా అని పరీక్షించడానికి ఒక మార్గం ఉంది. సగంలో వదిలేసిన గేరుబాక్సులను డబ్బాల్లో పోసి తక్కువ ధరకు అమ్మేయడం అమెరికాలో వింత కాదు. విప్పినవారు ఊరు మారి ఉండవచ్చు, జబ్బుపడి ఉండవచ్చు, కాలం చేసి ఉండవచ్చు. వారు ఉన్న రోజున బల్ల మీద ఉన్న భాగాలూ, వారు లేని రోజున డబ్బాలో ఉన్న భాగాలూ అవే. బరువులో తేడా లేదు, లోహంలో మార్పు లేదు. అయినా మొదటిది విప్పిన గేరుబాక్సు, రెండోది విడి సామాను. ఆ తేడా లోహంలో లేనప్పుడు మరెక్కడో ఉండక తప్పదు. డబ్బా కొనుక్కున్నవారు కర్మాగారం ప్రచురించిన మరమ్మతు పుస్తకం దగ్గర పెట్టుకుని దాన్ని మళ్లీ కూర్చగలరు, అది వాస్తవమే. కాని పంపు చక్రాల ఏ ముఖం పైకి ఉండేదో ఏ పుస్తకమూ చెప్పదు. ఈ జాతి పెట్టెలన్నిటికీ చెందిన ధారణ పుస్తకంలో ఉంటుంది. ఈ ఒక్క పెట్టెకు చెందిన ధారణ దాన్ని విప్పినవారి దగ్గరే ఉంటుంది.

మధ్యకాలాన్ని ఇంత శ్రద్ధగా చూసిన సంప్రదాయం ఒకటి దేవాలయాల్లో ఉంది. గుడి శిథిలమై జీర్ణోద్ధారణ చేయవలసి వచ్చినప్పుడు ఆగమశాస్త్రం రాళ్లను నేరుగా కదల్చనివ్వదు. ముందుగా కళాకర్షణ చేస్తారు. అంటే బింబంలోని దైవకళలను మంత్రపూర్వకంగా కలశంలోకి ఆవాహన చేసి, పక్కనే కట్టిన బాలాలయం అనే తాత్కాలిక ఆలయంలో నిలుపుతారు. గుడి పని సాగినంతకాలం నిత్యపూజ అక్కడ సాగుతుంది. పని ముగిసిన తరువాత సంప్రోక్షణతో కళలను తిరిగి ప్రతిష్ఠిస్తారు. యాదగిరిగుట్ట ఆలయ పునర్నిర్మాణ కాలంలో 2016 నుంచి 2022 మార్చి 28న జరిగిన మహాకుంభ సంప్రోక్షణ వరకు భక్తులు స్వామిని బాలాలయంలోనే దర్శించుకున్నారు. యంత్రాన్ని దేవుడితో పోల్చడం ఇక్కడ ఉద్దేశం కాదు, అలా పోల్చడం ఉచితమూ కాదు. గమనించవలసింది ఆగమకర్తల వివేకం. విప్పడానికీ కూర్చడానికీ మధ్య ఉన్నది శూన్యకాలం కాదనీ, ఆ కాలంలో పూర్ణత్వాన్ని ఎవరో ఎక్కడో మోయాలనీ, దానికి ఒక చోటూ, ఒక క్రమమూ, రోజూ చేయవలసిన సేవా ఉంటాయనీ వారు గుర్తించారు. శ్రీశైలం జలాశయంలో మునగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టిన పురావస్తు శాఖవారు రాళ్ల మీద వేసిన అంకెలు కూడా, మంత్రం లేకపోయినా, అటువంటి మోయడమే.

ఇంటి పనికీ కర్మాగారపు పనికీ ఉన్న భేదం ఇక్కడ స్పష్టపడుతుంది. పెద్ద ఎత్తున గేరుబాక్సులు బాగుచేసే చోట, తెచ్చిన పాత పెట్టెను పుచ్చుకుని అప్పటికే సిద్ధంగా ఉన్న మరొకదాన్ని ఇస్తారు. పాత పెట్టెను అక్కడి వాడుకలో కోర్ అంటారు. అటువంటి పెట్టెలను చాలావాటిని ఒకేసారి విప్పి, డ్రమ్ములను డ్రమ్ములతో, ఇరుసులను ఇరుసులతో కలిపి కడిగి, పనికివచ్చేవాటితో కొత్తగా కూర్చుతారు. ఆ పెట్టె చక్కగా పని చేస్తుంది; ఇంటి దగ్గర తొలిసారి కూర్చినదానికన్న చక్కగానే పని చేస్తుందనడంలో సందేహం లేదు. కాని అందులో ఏ ఒక్క పెట్టె తిరిగి రాలేదు. పని చేయడం వేరు, అదే కావడం వేరు. పాత కార్లు సేకరించేవారికి ఈ భేదం బాగా తెలుసు. జనరల్ మోటార్స్ 1968 నుంచి గేరుబాక్సు పెట్టె మీద కారు గుర్తింపు సంఖ్యలో కొంత భాగాన్ని అచ్చు వేసేది గనుక, ఆ అంకెలు కారుతో సరిపోతే దాని విలువ పెరుగుతుంది. లోపలి భాగాలన్నీ మారినా వారికి అభ్యంతరం లేదు, పైపెట్టె అదే కావాలి. సంతకు అది అనుకూలమైన సమాధానమే. తత్త్వానికి కాదు, ఎందుకంటే అది పూర్ణత్వాన్ని ఒక అవయవానికి కట్టబెడుతుంది, నాగసేనుడు మొదటి ప్రశ్నతోనే తోసిపుచ్చిన తప్పు అదే. థీసియస్ ఓడ నుంచి తీసేసిన పాత పలకలన్నిటినీ ఏరి మరో ఓడ కడితే ఏది అసలు ఓడ అని 1655లో ఆంగ్ల తత్త్వవేత్త హాబ్స్ వేసిన ప్రశ్న కూడా ఇక్కడ ఎవరినీ ఇబ్బంది పెట్టదు. పళ్లెంలో మిగిలిన మాడిన బిళ్లలను ఏరి మరో పెట్టె కూర్చాలని ఎవరికీ తోచదు.

కూర్పులో ధారణ చేతుల్లోకి దిగే ఘట్టం ఒకటి ఉంది. పిస్టన్‌కు అమర్చే రబ్బరు సీలుకు ఒక అంచు పెదవిలా బయటికి చూస్తూ ఉంటుంది. నూనె ఒత్తిడి ఆ పెదవిని డ్రమ్ము గోడకు అదిమినప్పుడే పిస్టన్ బలంగా కదులుతుంది. పిస్టన్‌ను డ్రమ్ములోకి దించేటప్పుడు ఆ పెదవి డ్రమ్ము అంచుకు తగిలి వెనక్కి మడుచుకోవాలని చూస్తుంది. సన్నని తీగ ఉచ్చుతోనో, అంచులు నునుపు చేసిన ఫీలర్ గేజి రేకుతోనో దాన్ని చుట్టూ లోపలికి అదుముతూ, మరో చేత్తో పిస్టన్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ ఉండాలి. బలం పనికిరాదు. చుట్టూ ఒక్కచోట మిగిలినా దిగదు. ఏ చోటా మిగలని క్షణంలో తనంతట తాను మెత్తగా జారి అడుగున కూర్చుంటుంది. పెదవి మడత పడిందా లేదా అన్నది ఇక కంటికి కనబడదు. అందుకే పెట్టె మూయకముందు, నూనె పోయే రంధ్రంలోకి గాలి ఒత్తిడి పంపి వింటారు. సీలు సరిగా ఉంటే లోపల పిస్టన్ తగిలిన దుప్పుమనే శబ్దం ఒకటి వినబడి ఆగిపోతుంది. మడత పడి ఉంటే గాలి బుసకొడుతూ పోతూనే ఉంటుంది. ఘర్షణ బిళ్లలను కనీసం అరగంట ముందు నుంచి కొత్త నూనెలో నాననిచ్చి ఉంచడం, గోళీలు జారిపోకుండా వాటి గుంటల్లో వాసెలిన్‌తో నిలపడం, ఎక్కించేటప్పుడు కన్వర్టరును తిప్పుతూ నెడుతూ మూడు చోట్లా పళ్లు కుదిరేదాకా లోపలికి పోనివ్వడం, అది ఇంజను పళ్లేనికి మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల దూరంలో నిలిచిందో లేదో బోల్టులు బిగించకముందే చూసుకోవడం, ఇవన్నీ ఆ ధారణకు కొనసాగింపులే. చివరి ఎడం లేకుండా బోల్టులు బిగిస్తే పంపు పగులుతుంది, అప్పటిదాకా పడిన శ్రమంతా అక్కడితో పోతుంది.

నూనె పోసి ఇంజను నడిపి, కడ్డీని వెనుక గేరులోకి జరిపినప్పుడు, ఒక్క క్షణం ఏమీ జరగదు. ఆ తరువాత బండి వెనుక భాగం కొద్దిగా కుంగి, పట్టు దొరికిందని తెలుస్తుంది. మళ్లీ రథం ఉన్నది. అయినా ధారణ అప్పుడు ముగిసిందని చెప్పడానికి లేదు. మరుసటి ఉదయం గరాజు ఊడుస్తుండగా బల్ల కాలి పక్కన పావు అంగుళం ఉక్కు గోళీ ఒకటి దొరికిందనుకుంటే, బండి నడుస్తూనే ఉన్నా, గేరు మారేటప్పుడు కలిగే కొద్దిపాటి కుదుపు ఎక్కేవారిలో ఎవరూ గమనించకపోయినా, ఆ పెట్టె ఇంకా పూర్తిగా తిరిగి రాలేదన్న సంగతి లోకంలో ఒక్కరికే తెలుసు. వారు చీపురు పక్కన పెట్టి, బండిని మళ్లీ స్టాండ్ల మీదికి ఎత్తి, పాన్ కిందికి పళ్లెం జరిపి, 13 బోల్టులలో మొదటిదాన్ని వదులు చేస్తారు.